జీడిమెట్ల పరిసరాల ఇంజనీరింగ్ పరిశోధన: ఆకరాల సేకరణ, గడువుల చరిత్ర

వ్యాససంగ్రహం

పరిశోధకుడు ఆకరాలను వెతుక్కోవడం, భద్రపరచుకోవడం, సకాలంలో ఉల్లేఖించడం అనేవి ఇప్పుడు అతని వ్యక్తిగత క్రమశిక్షణకు సంబంధించిన విషయాలుగా చలామణి అవుతున్నాయి. హైదరాబాదు నగరానికి వాయవ్యంగా ఉన్న బాలానగర్, జీడిమెట్ల, కూకట్‌పల్లి ప్రాంతాల చరిత్రను చూస్తే, ఒకప్పుడు గ్రంథాలయాలు, ప్రభుత్వసంస్థలు ఈ పనిలో పెద్దభాగాన్ని మోసేవని తెలుస్తుంది. గడచిన అర్ధశతాబ్దంలో ఆ పని పరిశోధకుని ఒంటిపనిగా మారింది. అదేకాలంలో గడువులు విధించే అధికారం సంస్థల చేతిలో బలపడింది. ఈ రెండు మార్పులకు ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆకరాలు, ఉల్లేఖనం, ఇంజనీరింగ్ పరిశోధన, గడువు, జీడిమెట్ల, జె.ఎన్.టి.యు., గ్రంథాలయం.

బాలానగర్–నర్సాపూర్ రోడ్డు

జీడిమెట్ల అనగానే మందుల కర్మాగారాలు, రసాయనాల పీపాలు, ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రం గుర్తుకు వస్తాయి. గ్రంథాలయం గుర్తుకు రాదు. అయితే బాలానగర్ నుంచి నర్సాపూర్ వైపు సాగే రోడ్డు పొడవునా పెరిగిన ఈ పారిశ్రామికవాడ పుట్టుకలో గ్రంథాలయానికి ఉన్న పాత్ర చిన్నది కాదు.

1961లో కేంద్రప్రభుత్వం ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్ సంస్థను స్థాపించింది. సోవియట్ సహకారంతో నిర్మించిన ఆ సంస్థ కర్మాగారాలలో సంశ్లేషిత ఔషధాల విభాగం బాలానగర్‌కు దక్కింది. 1970లో చేసిన పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఔషధానికి పేటెంట్ లేదు. దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంది. అదికూడా ఏడు సంవత్సరాలకు మించదు. అంటే ఒక మందును పేటెంట్‌లో చెప్పిన పద్ధతిలో కాక మరో పద్ధతిలో తయారుచేయగలిగినవానికి బజారు తెరిచి ఉన్నట్టే.

ఆ మరో పద్ధతి ఎక్కడ ఉంటుంది? గాజు కుప్పెలో కనబడటానికి ముందు అది అచ్చుకాగితం మీద కనబడాలి. ముప్ఫై ఏళ్ళనాటి జర్మన్ పత్రికలో ఎవరో వదిలివేసిన ఒక మధ్యస్థ సమ్మేళనం, గడువు తీరిన ఒక పేటెంట్‌లోని మూడవ ఉదాహరణ, తక్కువ దిగుబడి వచ్చిందని రచయిత పక్కకు పెట్టిన ఒక చర్య - వీటిని వెతికి పట్టుకోవడమే తొలి అడుగు. తార్నాకలోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ ఇందుకు సహజమైన కేంద్రం. 1944లో నిజాం రాజ్యంలో మొదలైన కేంద్ర ప్రయోగశాలలు 1956లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి కిందకు వచ్చి ఈ పేరు పొందాయి; 1989 నుంచి ఆ సంస్థే ఐ.ఐ.సి.టి. బాలానగర్ కర్మాగారంలో పనిచేసి బయటకు వచ్చినవారు పలువురు సొంత పరిశ్రమలు స్థాపించారు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి వచ్చిన కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను ప్రారంభించారు. ఈ చరిత్రను సాధారణంగా పెట్టుబడి, సాహసం, చట్టం అనే మూడు మాటల్లో చెబుతారు. ఆకరాల అన్వేషణ అనే నాలుగో మాటను చేర్చకపోతే ఆ కథనం అసమగ్రం. 2005 జనవరి 1 నుంచి ఔషధాలకే పేటెంట్ తిరిగి వచ్చేవరకు, జీడిమెట్ల కొనుక్కున్న ముడిసరుకుల్లో పాత పత్రికల పుటలు కూడా ఉన్నాయి.

ఇదే కాలంలో, 1972 అక్టోబరు 2న, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో సాంకేతిక విద్యకోసం ప్రత్యేకంగా ఏర్పడిన మొదటి విశ్వవిద్యాలయం అది. దాని హైదరాబాదు ప్రాంగణం కూకట్‌పల్లిలో, జీడిమెట్లకు కొద్ది కిలోమీటర్ల దూరంలో స్థిరపడింది. పరిశ్రమలోని రసాయనికుడికీ విశ్వవిద్యాలయంలోని పరిశోధకుడికీ లక్ష్యాలు వేరు. వెతుకులాటకు వాడిన పనిముట్లు మాత్రం ఒక్కటే.

కార్డు, పెట్టె, పోస్టుకవరు

ఆ పనిముట్లు ఎలా పనిచేసేవో నేటి పరిశోధకులకు వివరించి చెప్పవలసిన అవసరం ఏర్పడింది. రసాయన ఇంజనీరింగులో ప్రధానమైన ద్వారం కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్. అమెరికన్ కెమికల్ సొసైటీ 1907లో ప్రారంభించిన ఈ సారాంశ పత్రికకు 1956 వరకు పదేళ్ళకొకసారి, 1957 నుంచి ఐదేళ్ళకొకసారి సామూహిక సూచికలు వెలువడ్డాయి. పరిశోధకుడు మొదట విషయసూచికలోనో, అణుసూత్ర సూచికలోనో తన సమ్మేళనాన్ని వెతికేవాడు. అక్కడ దొరికేది సంపుటి సంఖ్య, సారాంశ సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యలు పట్టుకొని బరువైన సంపుటాలను దించి, చిన్న అక్షరాల్లో ఉన్న సారాంశం చదివేవాడు. మూలవ్యాసం చదవదగ్గదే అనిపిస్తే, పొట్టి అక్షరాల్లో ఉన్న పత్రిక పేరు పూర్తిరూపం ఏమిటో మరో పుస్తకంలో చూసేవాడు. ఆ పత్రిక హైదరాబాదులో ఎక్కడైనా ఉందా అన్నది తరువాతి ప్రశ్న. లేకపోతే ఢిల్లీకి రాయాలి.

ఢిల్లీలో ఉన్నది ఇన్స్‌డాక్. యునెస్కో సహాయంతో 1952లో ఏర్పడిన ఈ జాతీయ ప్రలేఖన కేంద్రం దేశంలో ఏ మూలనుంచి అడిగినా వ్యాసం ఫోటోప్రతినో మైక్రోఫిల్మునో పంపేది. కోరితే జర్మన్, రష్యన్ వ్యాసాలకు అనువాదం, ఒక అంశంపై గ్రంథసూచి కూడా తయారుచేసేది. మరో మార్గం వ్యాసరచయితకే పోస్టుకార్డు రాయడం. విదేశీ రచయితలు తమ వ్యాసపు విడిప్రతిని ఉచితంగా పంపడం అప్పటి మర్యాద. ఈ వ్యవహారానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పట్టేవి.

దొరికిన ప్రతి ఆకరానికీ ఒక కార్డు. మూడంగుళాల వెడల్పు, ఐదంగుళాల పొడవు. పైన రచయిత పేరు, కింద శీర్షిక, పత్రిక, సంపుటి, పుటలు, సంవత్సరం. వెనుకవైపు రెండుమూడు వాక్యాల్లో పరిశోధకుని అభిప్రాయం. కార్డులన్నీ రేకుపెట్టెలోనో, చెప్పులు కొన్న అట్టపెట్టెలోనో అకారాదిక్రమంలో ఉండేవి. అసలు కష్టం సిద్ధాంతగ్రంథాన్ని టైపు చేయించేటప్పుడు మొదలయ్యేది. ఇంజనీరింగ్ శాఖల్లో ఆకరాలకు ప్రస్తావించిన వరుసలో సంఖ్యలు వేయడం వాడుక. పర్యవేక్షకులు ఏడో సంఖ్య దగ్గర ఒక కొత్త ఆకరాన్ని చేర్చమంటే, ఎనిమిది నుంచి చివరివరకు ప్రతి సంఖ్యా మారాలి. వచనంలోనూ మారాలి, పట్టికలోనూ మారాలి. టైపిస్టు పుటకింత అని లెక్కగడతాడు. అందుచేత కొందరు పరిశోధకులు చివరి నిమిషంలో కనబడిన మంచి వ్యాసాన్ని కూడా చూడనట్టే ఊరుకున్నారంటే ఆశ్చర్యం లేదు. ఖర్చు ఆకరాల నిజాయితీని ప్రభావితం చేయడం సాఫ్ట్‌వేర్ కాలంలో మొదలైన విషయం కాదు.

ఈ వ్యవస్థ వెనుక ఒక సిద్ధాంతం ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడం గురించినది. ఆ ఆదా దానంతట అది జరిగేది కాదు. పాఠకుడు మిగుల్చుకున్న ప్రతి గంట వెనుకా సూచిక తయారుచేసినవారు, వర్గీకరించినవారు, ప్రతితీసి పంపినవారు వెచ్చించిన గంటలు ఉన్నాయి. ఆ గంటలకు ప్రభుత్వం జీతం ఇచ్చేది. ఆకరాల నిర్వహణ ప్రజాధనంతో నడిచిన ఉమ్మడిపని అనడానికి అర్థం ఇదే.

అలాగని దీనిని స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. ఓడల్లో వచ్చే పత్రికలు నెలల తరబడి ఆలస్యమయ్యేవి. కావలసిన సంచికే బైండింగుకు వెళ్ళి ఉండేది. లేదా కావలసిన పుటలే బ్లేడుతో కోసి ఉండేవి. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించిన తరువాత విదేశీ పత్రికల చందాలు మరింత భారమై గ్రంథాలయాలు కోతలు పెట్టుకున్నాయి. ఒక్క సంగతి మాత్రం గమనించదగ్గది: ఆలస్యం అందరికీ తెలిసిన ఆలస్యం. ‘ఢిల్లీనుంచి ఇంకా ప్రతి రాలేదు’ అన్న మాటను పర్యవేక్షకులు సమాధానంగా అంగీకరించేవారు. గడువు ఉండేది గాని, అది పోస్టుతో పాటు సాగేది.

ఇంటిపేరు ఎక్కడ?

కార్డు మీద మొదటి పంక్తి రచయిత పేరు. తెలుగువారి విషయంలో ఆ పంక్తే చిక్కు. ఆకరాల నిర్వహణ గురించి వచ్చిన పాఠ్యగ్రంథాలు దీనిని దాదాపు విస్మరించాయి గనుక ఇక్కడ కొంత ఆగవలసి ఉంది.

తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఆచరణలో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. పాశ్చాత్య సూచికలు చివరి పదాన్నే వంశనామంగా గ్రహిస్తాయి. ఫలితం ఏమిటో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉదంతం చెబుతుంది. సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని అంచనావేసే పద్ధతిపై ఆయన 1925లో ప్రకటించిన వ్యాసం విస్తృతంగా ఉల్లేఖితమైంది. ఆ ఉల్లేఖనాల్లో సుబ్బారావు వంశనామం; యల్లాప్రగడ ఒక్క అక్షరం. ఇంట్లో పిలిచే పేరు లోకానికి ఇంటిపేరైంది.

రెండో ఉదాహరణ ఇంజనీరింగుకు మరింత దగ్గరిది. సంకేత ప్రక్రియ, రాడార్, సమాచారప్రసార రంగాల్లో పరిశోధించే ప్రతివారూ ఏదో ఒకనాడు క్రామెర్–రావు పరిమితిని ఉల్లేఖించక తప్పదు. 1945లో కలకత్తా గణితసంఘం పత్రికలో వెలువడిన ఆ వ్యాసకర్త కల్యంపూడి రాధాకృష్ణారావు; ఆంధ్రవిశ్వవిద్యాలయ విద్యార్థి. ఆయన పేరిట గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల ఉన్నతసంస్థ హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది. సూత్రంలో నిలిచింది కల్యంపూడి కాదు, రాధాకృష్ణ కాదు, గౌరవవాచకమైన రావు. ఆయన స్థాయి వ్యక్తికి ఇందువల్ల నష్టం లేదు. అయితే ఒకే విభాగంలో నలుగురు రావులు, ముగ్గురు రెడ్లు, ఇద్దరు లక్ష్ములు వ్యాసాలు ప్రకటించే కళాశాలలో ఇది చిన్న సమస్య కాదు.

1964లో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను క్రమబద్ధంగా వెలువరించడం మొదలుపెట్టాక ఉల్లేఖనం లెక్కించదగ్గ వస్తువు అయింది. 1985లో ఓరెన్ పటాష్నిక్ రూపొందించిన బిబ్‌టెక్ ఆ వస్తువును యంత్రం చదివే అరలుగా విడగొట్టింది. కామా లేకుండా రాసిన పేరులో చివరి పదాన్ని అది వంశనామంగా తీసుకొంటుంది. కామా పెట్టి రాస్తే ముందున్నదే వంశనామం. ఈ ఒక్క కామా తెలియక, ఒకే పరిశోధకురాలి వ్యాసాలు మూడు పేర్ల కింద చెదిరిపోవడం, వేర్వేరు వ్యక్తుల కృషి ఒకే పేరు కింద పోగుపడటం సాధారణమైంది. 2012లో పదహారు స్థానాల ఆర్కిడ్ సంఖ్య వచ్చి, పేరును పక్కకు పెట్టి మనిషిని అంకెతో గుర్తించే దారి చూపింది. ఉపాయం పనిచేస్తుంది. కాని పేరును సరిచేసుకునే బాధ్యత సూచిక తయారుచేసేవారి నుంచి పేరున్నవారికి బదిలీ అయిందన్నది గుర్తించాలి. పదోన్నతికి ఉల్లేఖనాల సంఖ్య అడిగే కాలంలో ఈ బదిలీ ఖరీదైనది.

సాయంత్రం 5 గంటల 29 నిమిషాలు

1998 హైదరాబాదు చరిత్రలో రెండు విధాల ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ ఏడే గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, ట్రిపుల్ ఐటీగా వాడుకలో ఉన్న సంస్థ, మొదలైంది. కంప్యూటర్ శాస్త్రం తనతోపాటు ఒక కొత్త కాలగణనను తెచ్చింది. ఇతర శాస్త్రాల్లో పత్రికలో వచ్చిన వ్యాసానికి ఉన్న స్థానం ఈ శాస్త్రంలో సదస్సు పత్రానికి ఉంది. పత్రికకు వ్యాసాన్ని ఎప్పుడైనా పంపవచ్చు. సదస్సుకు ఒక్క తేదీ; ఆ తేదీ దాటితే మరుసటి సంవత్సరమే.

ఆ తేదీ కూడా విచిత్రమైనది. చాలా సదస్సులు గడువును ‘భూమి మీద ఎక్కడైనా’ అనే కాలమానంలో ప్రకటిస్తాయి. ప్రపంచంలో చివరగా రోజు ముగిసే రేఖాంశం దగ్గర అర్ధరాత్రి అయ్యేవరకు గడువు ఉన్నట్టే. భారతకాలమానంలో అది మరునాటి సాయంత్రం 5 గంటల 29 నిమిషాలు. పసిఫిక్ మహాసముద్రంలో మనుషులు నివసించని దీవుల గడియారాన్ని బట్టి, బాచుపల్లిలో కళాశాల బస్సులు బయలుదేరే వేళకు పత్రం అప్‌లోడ్ కావాలి.

ప్రపంచస్థాయి సదస్సులు నగరానికే వచ్చాయి. కృత్రిమమేధపై 2007లో ఐ.జె.సి.ఎ.ఐ., 2010లో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ, 2011లో వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు, 2014లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగుపై ఐ.సి.ఎస్.ఇ., 2018లో ఇంటర్‌స్పీచ్, 2025లో ఐకాస్ప్ హైదరాబాదులో జరిగాయి. యువపరిశోధకులకు ఇవి నిజమైన అవకాశాలు.

గ్రంథాలయం తలుపు కూడా ఇదే దశకంలో మారింది. ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.లు తదితర సాంకేతిక సంస్థల కోసం 2003లో ఇండెస్ట్, విశ్వవిద్యాలయాల కోసం 2004లో యు.జి.సి. ఇన్ఫోనెట్ కన్సార్టియంలు పనిప్రారంభించాయి. 2015లో ఇవి ఈ-శోధసింధులో కలిశాయి. ఇన్స్‌డాక్‌కు జాబు రాసి నెల ఎదురుచూసిన వ్యాసం నిమిషంలో తెర మీదకు వచ్చింది. 2000లో క్రాస్‌రెఫ్ ద్వారా వ్యాసాలకు శాశ్వత గుర్తింపు సంఖ్యలు, 2006లో జొటీరో, 2008లో మెండలే అందుబాటులోకి వచ్చాయి. ఏడో సంఖ్య దగ్గర కొత్త ఆకరం చేరితే మిగిలినవి వాటంతట అవే సర్దుకుంటున్నాయి. టైపిస్టు బెడద తీరింది.

మిగిలిన కాలం పరిశోధకుని చేతికి వచ్చిందా? నిబంధనల చరిత్ర మరోలా చెబుతుంది. 2009 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంతగ్రంథం సమర్పించడానికి ముందు ఒక పరిశోధనపత్రం ప్రకటించి ఉండాలన్నాయి. 2010లో అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ప్రచురణలకు మార్కులు వేసే విధానం వచ్చింది. 2016 నిబంధనలు ఒక పత్రం ప్రచురణతోపాటు రెండు సదస్సుల్లో సమర్పణ అడిగాయి. కాలపరిమితిని కనిష్ఠం మూడేళ్ళు, గరిష్ఠం ఆరేళ్ళుగా నిర్ణయించి, స్త్రీలకు రెండేళ్ళ సడలింపు ఇచ్చాయి. 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తిస్థాయి సభ్యత్వం పొందాక కళాశాలలకు ఎన్.బి.ఎ. గుర్తింపు మరింత విలువైనదైంది. గుర్తింపు బృందం చూసే దస్త్రాల్లో అధ్యాపకుల ప్రచురణల పట్టిక ఒకటి.

ఈ నిబంధనల బరువు అందరిమీదా సమానంగా పడలేదు. బాచుపల్లి, దుండిగల్, మైసమ్మగూడ, గండిమైసమ్మ ప్రాంతాల ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో బోధిస్తూ విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్ పరిశోధకులుగా నమోదైనవారి దినచర్యను ఊహించడం కష్టం కాదు. వారానికి నిర్ణయించిన తరగతులు, ప్రయోగశాల, మధ్యంతర పరీక్షల మూల్యాంకనం, విద్యార్థుల ప్రాజెక్టుల పర్యవేక్షణ, గుర్తింపు దస్త్రాలు - వీటి నడుమ మిగిలిన రాత్రిళ్ళు పరిశోధనవి. ఇంటిపని భారం కూడా మోసే అధ్యాపకురాలికి ఆ రాత్రిళ్ళు మరీ పొట్టివి. పూర్వపు రసాయనికుడికి సూచిక తయారుచేసినవారు వేరు, ప్రతి పంపినవారు వేరు, టైపు చేసినవారు వేరు. ఇప్పుడు ఆ ముగ్గురి పనీ ఆమే చేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆదా చేసిన కాలాన్ని ఎక్కువ పత్రాలు అనే రూపంలో సంస్థ తీసుకుంది. రంగనాథన్ నాలుగో సూత్రం పాటింపబడింది. ఆదా అయిన కాలం మాత్రం పాఠకునికి దక్కలేదు.

సమీక్ష లేని సమీక్ష

గడువు ముందు, ఆకరాలు తరువాత అన్న స్థితికి ఒక బజారు పుడుతుంది. అమీర్‌పేటలో ప్రాజెక్టు సెంటర్లు బి.టెక్. విద్యార్థుల కోసం చాలాకాలంగా ఉన్నాయి. ప్రచురణ రంగంలో ఇదే వ్యాపారసూత్రం అంతర్జాతీయ స్థాయిలో ఎలా ఉంటుందో హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ సంస్థపై నడిచిన కేసు చూపింది.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో నెవాడా ఫెడరల్ కోర్టులో ఓమిక్స్, దాని అనుబంధసంస్థలపై ఫిర్యాదు చేసింది. పత్రికల్లో విద్వత్ సమీక్ష జరుగుతుందని తప్పుగా ప్రచారం చేయడం, వ్యాసం అంగీకరించిన తరువాతగాని రుసుము సంగతి స్పష్టంగా చెప్పకపోవడం, అంగీకరించని పండితులను సంపాదకులుగా, సదస్సుల వక్తలుగా చూపడం అందులోని ప్రధానారోపణలు. సంస్థ వీటిని ఖండించింది. 2019 మార్చిలో కోర్టు కమిషన్‌కు అనుకూలంగా తీర్పునిచ్చి 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసిందిగా ఆదేశించింది. 2020లో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది.

ఈ కేసును కేవలం మోసం కథగా చదవడం సులభం. పరిశోధకుల దృష్టినుంచి చదివితే అందులో మరొక పొర ఉంది. నెలరోజుల్లో అంగీకారపత్రం దొరికే చోటు ఎందుకు అవసరమైంది? నిజమైన సమీక్షకు ఆరునెలలు, ఏడాది పడుతుంది. సిద్ధాంతగ్రంథం గడువు, పదోన్నతి దరఖాస్తు గడువు అంతకాలం ఆగవు. ఐ.జె.సి.ఎ.ఐ. వంటి సదస్సులకు ఆతిథ్యమిచ్చిన నగరమే ఈ కేసులోనూ కేంద్రస్థానం కావడం యాదృచ్ఛికం కావచ్చు. కాని రెండింటికీ గిరాకీ ఒకే గడువు సంస్కృతి నుంచి వచ్చింది.

నియంత్రణ కూడా తడబడింది. యు.జి.సి. తన ఆమోదిత పట్టిక నుంచి 2018 మేలో 4,305 పత్రికలను తొలగించింది. అప్పటికే ఆ పత్రికల్లో నిజాయితీగా ప్రచురించినవారూ ఉన్నారు. 2019లో వచ్చిన కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. 2022 నిబంధనలు పిహెచ్.డి.కి ప్రచురణ తప్పనిసరి అన్న షరతును ఎత్తివేసి, నిర్ణయాన్ని విశ్వవిద్యాలయాలకు వదిలాయి. పదమూడేళ్ళు నడిచిన షరతు ఎత్తేసినంతమాత్రాన దాని చుట్టూ ఏర్పడిన అలవాట్లు పోలేదు.

తాళం ఎవరి దగ్గర?

2018 జులైలో వచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు పోలికను శాతాల్లో కొలిచాయి: 10 శాతం వరకు దోషం లేదు; 40 వరకు ఆరునెలల్లోగా సవరించిన ప్రతి; 60 వరకు ఏడాది నిషేధం; అంతకు మించితే నమోదు రద్దు. ఉల్లేఖనచిహ్నాలతో మూలాన్ని పేర్కొన్న భాగాలు, ఆకరాల పట్టిక ఈ లెక్కలోకి రావు. అంటే పోలికను పట్టే యంత్రం ఆకరాల పట్టికను చూడకుండా వదిలేస్తుంది. పట్టికలోని వ్యాసం నిజంగా ఉందా, అందులో పరిశోధకుడు చెప్పిన మాట ఉందా అన్నది అది అడగదు. కృత్రిమమేధ లేని వ్యాసాలకు రచయితలను, సంపుటి సంఖ్యలను, పుటలను నమ్మదగిన రీతిలో కల్పించి ఇవ్వగలుగుతున్న ఈ రోజుల్లో ఆ లోపం పెద్దది. అటువంటి పట్టికతో కూడిన గ్రంథానికి పోలిక శాతం సున్నా రావచ్చు కూడా.

బాలానగర్ నుంచి జీడిమెట్ల మీదుగా వెళ్ళే రోడ్డు నర్సాపూర్ దాటి మెదక్ దిశగా సాగుతుంది. ఆ ప్రాంతంలోని కొల్చారం కోలాచల మల్లినాథసూరి ఊరు. కాళిదాసకావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలం లేనిదాన్నిగాని అవసరం లేనిదాన్నిగాని చెప్పబోనని ఆయన పెట్టుకున్న నియమం తెలుగు, సంస్కృత శాఖల్లో అందరికీ తెలిసినదే. ఇంజనీరింగ్ శాఖల్లో పరిశోధనాపద్ధతుల పాఠాన్ని కూడా అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. ఆ నియమానికి రెండు భాగాలున్నాయన్న సంగతి తరచు మరుగునపడుతుంది. సమీక్షకుని మెప్పుకోసం చదవని ముప్ఫై వ్యాసాలను పట్టికలో చేర్చడం మొదటి భాగాన్ని ఉల్లంఘించకపోవచ్చు. రెండో భాగాన్ని మాత్రం ఉల్లంఘిస్తుంది.

చదవడానికి ముందు వ్యాసం చేతికి రావాలి. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలకు ఇది ఎన్నడూ సులువు కాలేదు. కళాశాలల కోసం 2010 ప్రాంతంలో మొదలైన ఎన్-లిస్ట్ పథకం అర్హతల్లోనే ఇంజనీరింగ్, వైద్య, ఫార్మసీ వంటి వృత్తివిద్యా కళాశాలలను మినహాయించింది. 2024 నవంబరు 25న కేంద్రమంత్రివర్గం ఆమోదించిన ‘ఒక దేశం – ఒక చందా’ పథకం మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను 6,300కు పైగా సంస్థలకు అందించే ఏర్పాటు. 2025 జనవరిలో అమలు మొదలైంది. ఇన్స్‌డాక్ తరువాత ఆకరాలను ప్రజాధనంతో అందరికీ సమకూర్చే ప్రయత్నాల్లో ఇదే అతిపెద్దది. పథకం పరిధిలోకి వచ్చినవి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నతవిద్యాసంస్థలు, కేంద్రప్రభుత్వ పరిశోధనసంస్థలు. తార్నాకలోని ఐ.ఐ.సి.టి., కూకట్‌పల్లిలోని విశ్వవిద్యాలయం వంటివి ఈ కోవలోవి. బాచుపల్లి, దుండిగల్, మైసమ్మగూడల ప్రైవేటు కళాశాలలు తమకు కావలసిన పత్రికలను తామే కొనుక్కోవాలి.

పార్ట్‌టైమ్ పరిశోధకురాలు ఈ రెండు రకాల సంస్థలకూ చెందిన మనిషి. నమోదు ఒకచోట, ఉద్యోగం మరోచోట. ప్రచురణల లెక్క రెండుచోట్లా అడుగుతారు. విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశఖాతా ఆమె ఇంటినుంచి, కళాశాలనుంచి పనిచేస్తుందా, ప్రాంగణంలోనే పనిచేస్తుందా అన్న చిన్న సాంకేతిక నిర్ణయం మీద ఆమె చదువు ఆధారపడి ఉంది. ప్రాంగణంలోనే అయితే, 5 గంటల 29 నిమిషాల గడువున్న రోజున కూకట్‌పల్లి గ్రంథాలయానికి వెళ్ళడానికి ఆమెకు సగంరోజు సెలవు కావాలి. సెలవు దొరకకపోతే సారాంశం చదివి ఉల్లేఖించడమే మిగులుతుంది.